పేరు లేని కుర్చీలు

ప్రభుత్వ కచేరీలోని కుర్చీకి వీపున ఒక అంకె ఉండును. బడిలోని కుర్చీకిని ఉండును. తెల్లరంగుతోనో నల్లరంగుతోనో ఎవరో గుమాస్తా వ్రాయించిన ఆ అంకె సామాను పట్టీలో ఒక పంక్తికి గుర్తు. సంవత్సరాంతమున పట్టీ చేతబట్టుకొని లెక్క చూచుకొను ఉపాధ్యాయునికి దానితో పని. తక్కినవారు దానివంక చూడనైనను చూడరు. అట్టి అంకెయే నేడు పారిస్, లండన్, న్యూయార్క్ నగరముల వేలంశాలలలో ఒక టేకు కుర్చీకి కులగోత్రములు చెప్పు సాక్ష్యమగుచున్నది. అంకె చెరగకుండ ఉన్నచో కుర్చీ నిజమైనదని నమ్మకము. నమ్మకము కుదిరినచో ధర లక్షల రూపాయలు.

ఆ కుర్చీలు 1950, 60 దశకములలో చండీగఢ్ నగరమునకై చేయబడినవి. కచేరీలోని గుమాస్తా, గ్రంథాలయమునకు వచ్చిన విద్యార్థి, న్యాయస్థానమున తన పిలుపుకై వేచియున్న కక్షిదారు కూర్చుండుటకు చేసినవవి. వాటిని రూపొందించిన వారిలో ముఖ్యుడు పియేర్ జానరే అను వాస్తుశిల్పి. చండీగఢ్ అనగానే లె కార్బూజియే పేరు పలుకువారు ఎందరో కలరు. పియేర్ జానరే పేరు చెప్పువారు చాల అరుదు. ఈ మరపునకు ఒక చరిత్ర ఉన్నది. ఆ కుర్చీల కథయు అందులోనిదే.

పియేర్ జానరే 1896 మార్చి 22న స్విట్జర్లండులోని జెనీవా నగరమున జన్మించినాడు. లె కార్బూజియే అసలు పేరు షార్ల్ ఎద్వార్ జానరే. పియేరునకు తొమ్మిదేండ్లు పెద్ద, ఇంటిపేరు ఒక్కటే, వరుసకు దాయాది. మన భాషలో దాయాది అను మాటకు పొరపొచ్చెముల వాసన కొంత అంటుకొనియున్నది. వీరి నడుమ అదియును లేకపోలేదు గాని, అది వచ్చినది చాల కాలమునకు. 1922లో వారిద్దరును పారిస్‌లో కలసి పని ప్రారంభించినారు. సెవ్ర్ వీథిలో ఒక పాత క్రైస్తవ మఠమునకు చెందిన పొడవైన వసారాయే వారి కార్యశాల. పెద్దవాడు ఉదయములందు ఇంట చిత్రలేఖనము చేసికొని మధ్యాహ్నమునకు కార్యశాలకు వచ్చెడివాడు. చిన్నవాడు పగలంతయు అక్కడనే ఉండి గీతలు సరిచూచుచు, కొలతలు దిద్దుచు, వచ్చిపోవు యువశిల్పులకు పని నేర్పుచు ఉండెడివాడు. ఊహ ఒకరిదనియు పని మరొకరిదనియు తేల్చి చెప్పుట తేలిక. కాని ఒక కిటికీ ఎక్కడ నిలువవలెనో నిర్ణయించు చేతిలో ఊహ లేదనుట ఎట్లు?

భవనమును స్తంభములపై నిలుపుట, పైకప్పును తోటగా మార్చుట, గోడలను బరువు మోయు పని నుండి విడిపించి లోపలి గదులను యథేచ్ఛగా అమర్చుకొనుట, కిటికీలను అడ్డముగా పొడవున సాగదీయుట, ముందరి గోడను స్వేచ్ఛగా దిద్దుట - ఆధునిక వాస్తువునకు పంచసూత్రములుగా పేరుగన్న ఈ భావములను 1920 దశకమున ఇద్దరును కలిసియే ప్రకటించినారు. పారిస్ చెంత పొయిస్సీలో 1931 నాటికి పూర్తియైన సవాయ్ గృహము ఇద్దరిదియును. వారి కృతులను ముద్రించిన గ్రంథమాల తొలి సంపుటములపై రెండు పేర్లును ఉన్నవి. కాలము గడచిన కొలది రెండవ పేరు జనుల నోట జారిపోయినది.

ఫర్నిచరు విషయమున ఇది మరింత స్పష్టము. 1927లో షార్లోట్ పెరియాన్ అను యువతి పని కోరి ఆ కార్యశాలకు వెళ్ళినది. ఇక్కడ దిండ్లపై పూలు కుట్టు పని లేదని లె కార్బూజియే ఆమెను పంపివేసినట్లు చెప్పుదురు. కొలది కాలమునకే, ఆమె రూపొందించిన ఉక్కు సామానును ఒక ప్రదర్శనలో చూచి, ఆయనయే ఆమెను చేర్చుకొన్నాడు. వంచిన ఉక్కు గొట్టములతో ఆ ముగ్గురును కలసి 1928 నుండి చేసిన ఆసనములు - ముఖ్యముగా, పడుకొన్నవాని దేహరేఖను అనుసరించి వంగియుండు వాలుకుర్చీ - 1929లో పారిస్ శరత్కాల ప్రదర్శనలో పెట్టబడినవి. నేటికిని అవి ప్రపంచ ప్రసిద్ధములు. అయితే, తరువాతి దశాబ్దములలో వాటిని తయారుచేసిన ఇటలీ సంస్థ వాటికి పెట్టిన గుర్తులు లె కార్బూజియే పేరులోని రెండు పొడి అక్షరములు. వాలుకుర్చీ ఆ అక్షరముల తరువాత నాలుగవ అంకె. పియేర్ పేరుగాని, పెరియాన్ పేరుగాని ఆ గుర్తులో లేదు.

ఆ ఉక్కు కుర్చీలను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అవి యంత్రయుగమునకు ప్రతినిధులు, సామాన్యునికి యంత్రమిచ్చిన కానుకలు అని నాటి ఆధునికులు ప్రకటించుకొన్నారు. ప్రకటన ఘనమైనదే, కాని వాటి వెల సామాన్యునికి అందలేదు. అవి చేరినవి సంపన్నుల ఇండ్లకు, ప్రదర్శనశాలలకు. ఇరువది యేండ్ల తరువాత, యంత్రములు తక్కువ, చేతులు ఎక్కువ అయిన ఒక దేశమున, చెక్కతోను పేముతోను పియేర్ జానరే ఆ మాటను నిజము చేసినాడు.

ఈ నడుమ ఇద్దరి దారులును వేరైనవి. 1940లో ఫ్రాన్సు జర్మనీకి లోబడినప్పుడు లె కార్బూజియే విషీ ప్రభుత్వము నాశ్రయించి పనులు సంపాదింప యత్నించినాడు. పియేర్ గ్రెనోబుల్ నగరము చేరి, ఆక్రమణను ఎదిరించువారి పక్షమున నిలిచినాడు. పదునెనిమిదేండ్ల భాగస్వామ్యము దానితో తెగినది. యుద్ధకాలమున పియేర్ లోహశిల్పి జాన్ ప్రూవేతో కలసి, విడిభాగములుగా చేసి తెచ్చి నిలుపదగిన ఇండ్లపై కృషి చేసినాడు. యుద్ధానంతరము అమెరికాలోని క్నోల్ సంస్థకు ఒక కుర్చీని రూపొందించినాడు. రెండు చెక్క కాళ్ళు కత్తెరవలె ఒకదానినొకటి దాటుచుండగా, ఆ కూడలిలో ఒక లోహపు బొల్టు కానవచ్చును. అతుకును దాచిపెట్టకపోవుట, సాదా చెక్క ముక్కలను ఏటవాలుగా నిలిపి బరువు మోయించుట అనునవి ఆ కుర్చీలో అప్పుడే ఉన్నవి. చండీగఢ్ కుర్చీకి అది అక్కవంటిది.

దేశవిభజనలో లాహోరు పాకిస్తానునకు పోయినందున తూర్పు పంజాబుకు రాజధాని లేకపోయినది. క్రొత్త నగరమునకు తొలి ప్రణాళిక వేసినవారు అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మేయర్, ఆయన సహచరుడు మాథ్యూ నొవిట్స్కి. 1950 ఆగస్టులో నొవిట్స్కి విమాన ప్రమాదమున మరణించుటతో, క్రొత్తవారిని వెదకుటకై ఇద్దరు భారతీయ అధికారులు ఐరోపా వెళ్ళినారు. ఒకరు పి. ఎన్. థాపర్, రెండవవారు ఇంజనీరు పి. ఎల్. వర్మ. లండనులో మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు ఒప్పుకొన్నారు. పారిస్‌లో లె కార్బూజియే ఒప్పుకొన్నాడు గాని భారతదేశమున కాపురముండుటకు కాదు. ఏటికి రెండుమారులు వచ్చి నెల చొప్పున ఉండుటకు. కనుక నిత్యము పనిచోట నుండువాడొకడు కావలెను. పదేండ్ల క్రిందట విడిపోయిన దాయాదికి మరల పిలుపు వచ్చినది. పియేర్ 1951లో వచ్చినాడు. ఫ్రై దంపతులు మూడేండ్లకు వెడలిపోయినారు. ఆయన మాత్రము 1965 వరకు, అనగా పదునాలుగేండ్లు, ఆ ఊరనే ఉండిపోయినాడు.

చండీగఢ్ నగరమునకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభోత్సవము చేసినది 1953 అక్టోబరు 7న. అదే నెల 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించి, కర్నూలులో కచేరీలు గుడారములలో నడిచిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. రాజధాని అనగా భవనములు మాత్రమే కాదు, కూర్చుండుటకు కుర్చీ, వ్రాయుటకు బల్ల, కాగితములు దాచుటకు బీరువా కూడననియు వారికి తెలియును.

మహాశాసనసభ, ఉన్నత న్యాయస్థానము, సచివాలయము లె కార్బూజియే వంతునకు వచ్చినవి. అవియున్న ప్రాంగణమును 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. తక్కిన ఊరు - అనగా మనుష్యులు నివసించు ఊరు - చాలవరకు తక్కినవారి చేతి పని. ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు ఉద్యోగుల ఇండ్లను పదమూడు తరగతులుగా విభజించి పియేర్, ఫ్రై, డ్రూ పంచుకొన్నారు. ఇటుక చవక, ఎండ తీవ్రము, డబ్బు స్వల్పము. పియేర్ ఇండ్లలో లోతైన నీడలు, గాలి చొరబడు ఇటుక జాలకములు, వేసవి రాత్రులు పరుండుటకు మేడలు ఈ మూడు నిజముల నుండియే పుట్టినవి. పంజాబ్ విశ్వవిద్యాలయమునకు ప్రణాళిక కూర్చి, అందు బి. పి. మాథుర్ మున్నగు భారతీయ శిల్పులతో కలసి భవనములు కట్టించినాడు. అక్కడ నీటి నడుమ మూడు రెక్కల పూవువలె నిలిచిన గాంధీభవనము చూచినవారు, ఇతడు ఒకరి నీడలో మాత్రమే పనిచేయదగినవాడని చెప్పజాలరు.

భవనములు లేచినవి, వాటిని నింపవలెను. విదేశముల నుండి కుర్చీలు తెప్పించుటకు ఖజానా ఒప్పుకొనదు. ఉక్కు ఆనాడు దేశమున కరవు. టేకు ఉన్నది, పేము ఉన్నది, వడ్రంగులున్నారు. పియేర్ ఈ మూడింటిని చూచి కుర్చీని ఊహించినాడు. జ్యామితి పెట్టెలోని వృత్తలేఖినిని తెరచి కాగితముపై నిలిపినప్పుడు దాని రెండు కాళ్ళు ఎట్లుండునో, ఈ కుర్చీకి ఇరుప్రక్కల కాళ్ళును అట్లే ఉండును. ముందు కాలు, వెనుక కాలు పైన కలిసికొని, క్రింద ఎడమై నేలను గట్టిగా తన్నిపట్టును. ఆ కూడలిపైననే వెడల్పాటి చేతిపట్టె. ఆ రెండు చట్రముల నడుమ కూర్చుండు పీట, వీపు ఆనించు పలక, రెండును పేము అల్లికయే. అంతకుమించి అందు ఏమియు లేదు. నగిషీ లేదు, వంపు తిరిగిన పాదము లేదు.

ఇందలి యుక్తి నిదానించి చూడదగినది. కాళ్ళకు వాడినవి నిడుపాటి బల్లచెక్కలే కనుక వాటిని కోయుటకు ప్రత్యేక యంత్రములు అక్కరలేదు. ఒక నమూనా పలక, ఒక రంపము, ఒక చిత్రిక చాలును. కాళ్ళు ఏటవాలుగా ఉండుటచే కుర్చీని వెనుకకు నెట్టినను, ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుండినను కీలు సులభముగా వదలదు. పని ఒత్తిడిలో గుమాస్తాలు కుర్చీని ఎట్లు హింసింతురో పియేరునకు తెలిసినట్లున్నది. టేకు చెదకు లొంగదు, వానకాలపు చెమ్మకు ఉబ్బదు. పేము అల్లిక గుండ గాలి ఆడును. మే మాసమున, పంకా లేని గదిలో, తోలు పరుపుపై కూర్చుండినవానికి ఈ గుణము విలువ వివరింపనక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యమైనది - తెగిన పేమును మరల అల్లింపవచ్చును. పాడైన భాగమును మార్చుకొనదగిన వస్తువు చిరకాలముండును.

ఈ మూలరూపము నుండి ఎన్నో శాఖలు. న్యాయమూర్తులకు తోలు దిండ్లు కుట్టిన పీఠములు, గ్రంథాలయమునకు పొడవైన చదువుబల్లలు, విద్యార్థులకు వ్రాతపలక అమర్చిన కుర్చీలు, ఇంటి వసారాకు క్రుంగి వాలిన విశ్రాంతి కుర్చీలు, బెంచీలు, అరలు. గీతలు ఒకచోట గీయబడినను తయారు చేసినవి అనేక వడ్రపు కొట్టములు. ఒక కొట్టమున చేతిపట్టె అంగుళము వెడల్పుగా వచ్చును, మరొకచోట కాలు కొంచెము సన్నబడును. కనుక ఒక్క కుర్చీకి కవలపిల్ల మరొకటి దొరకుట కష్టము. ఫ్యాక్టరీ దృష్టిలో ఇది లోపము. చేతిపని తెలిసినవాని దృష్టిలో కాదు.

ఈ పనిలో పియేర్ ఒంటరి కాడు. ఊర్మిళా యూలీ చౌదురి అను వాస్తుశిల్పిని 1951 నుండియే ఆ బృందములో ఉండినది. ఆస్ట్రేలియాలో విద్యనభ్యసించి, ఫ్రెంచి భాష తెలిసి, తరువాతి కాలమున ప్రభుత్వ ప్రధాన వాస్తుశిల్పి పదవి నధిష్ఠించిన విదుషి. కుర్చీల రూపకల్పనలో ఆమె పాలు గణనీయము. గ్రంథాలయపు కుర్చీవంటి కొన్నిటిని ఆమెవిగా చెప్పువారు కలరు. జీత్ మల్హోత్రా, ఆదిత్య ప్రకాశ్ మున్నగు యువశిల్పులును ఆనాటి బృందములోనివారే. ఇక పేము అల్లినవారి పేర్లు, టేకు కోసినవారి పేర్లు ఏ పటము మీదను లేవు.

పియేర్ ఐదవ సెక్టారులో తాను కట్టుకొన్న ఇటుక ఇంట నిరాడంబరముగా జీవించినాడు. 1958లో ఏర్పడిన సుఖనా సరస్సుపై తిరుగుటకు కాలితో త్రొక్కు పడవలను కూడ రూపొందించినాడు. సెలవు దినములందు పడవలో కాలము గడపుట ఆయనకు ప్రీతి. ఆరోగ్యము చెడి 1965లో స్వదేశమునకు మరలినాడు. అదే ఏడు ఆగస్టు 27న లె కార్బూజియే మధ్యధరా సముద్రమున ఈదుచు మరణించినాడు. పియేర్ 1967 డిసెంబరు 4న జెనీవాలో కన్నుమూసినాడు. ఆయన కోరిక మేరకు చితాభస్మమును 1970లో ఆయన సోదరుని కుమార్తె తెచ్చి సుఖనా సరస్సులో కలిపినది. ఆయన నివసించిన ఇల్లు 2017 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది.

1966లో పంజాబు విడిపోయి చండీగఢ్ రెండు రాష్ట్రములకు ఉమ్మడి రాజధాని అయినది. ఉమ్మడి రాజధాని అనగా ఏమో హైదరాబాదు వలన తెలుగువారెరుగుదురు. అక్కడ అది పదేండ్ల గడువుతో ముగిసినది, చండీగఢ్‌లో ఇప్పటికిని సాగుచున్నది. కచేరీలు పెరిగినవి, ఉక్కు కుర్చీలు వచ్చినవి, వాటి వెనుక ప్లాస్టిక్ వచ్చినది. పేము తెగిన టేకు కుర్చీని బాగుచేయించుటకంటె క్రొత్తది కొనుట కాగితముపై సులువు. పాతవి మేడలపైకి, గోడల ప్రక్కకు చేరి, ఒకదానిపై నొకటి కాళ్ళు పైకెత్తుకొని, ఎండకు ఎండి వానకు తడిసినవి. పనికిరానివని తీర్మానించి, నియమానుసారముగ వేలము వేసినారు. పాత సామాను వర్తకులు కట్టెల వెలకు కొన్నారు.

1990 దశకపు చివర నుండి పారిస్ వర్తకులు కొందరు ఈ గుట్టల వద్దకు వచ్చినారు. వారు దొంగలు కారు. సర్కారు వేలములో పాడి, రొక్కము చెల్లించి, రసీదు పుచ్చుకొని కొన్నారు. ఓడలపై తీసికొనిపోయి, చెక్క తోమి, పేము అల్లించి, పుస్తకములు ముద్రించి, ప్రదర్శనలు పెట్టినారు. ఎవరును విలువనీయని వస్తువును మేము కాపాడితిమని వారి వాదము. అది వినుటకు ఇంపు కాకపోవచ్చును గాని కొట్టివేయుటకు వీలుకాదు. కుర్చీలు సంపన్నుల భోజనశాలలకు చేరినవి. అమీ సీగెల్ అను అమెరికన్ కళాకారిణి 2013లో తీసిన ఒక చిత్రము, ధనికుల ఇండ్లలో నున్న ఆ కుర్చీల నుండి మొదలుపెట్టి, వేలంశాల, ఓడ, మరమ్మతు కొట్టము అను మెట్ల మీదుగా వెనుకకు నడచి చండీగఢ్ చేరును.

ఈ ప్రయాణమున మరియొకటి జరిగినది. విపణికి ఒక పేరు కావలెను. బృందము చేసిన కుర్చీ, వడ్రంగి దిద్దిన కుర్చీ, చౌదురి గీసినదని చెప్పబడు కుర్చీ, అన్నియును వేలపు పట్టికలలో తరచు పియేర్ జానరే కుర్చీలే అయినవి. ఉక్కు కుర్చీపై రెండు పొడి అక్షరములు పియేర్ పేరును మింగినట్లే, టేకు కుర్చీపై పియేర్ పేరు ఇతరుల పేర్లను మింగినది. తన పని దాయాది పేర చెలామణి యగుచుండగా నలుబదియేండ్లు మెలగినవానికి ఇట్టి కీర్తి రుచించి ఉండునా అనునది సందేహము. 2019 నుండి ఇటలీలోని ఆ వెనుకటి సంస్థయే ఈ టేకు కుర్చీల నమూనాలను పియేర్ జానరేకు నివాళి అను పేరుతో తయారు చేయుచున్నది. బెంగళూరులోని ఒక కార్యశాల భారతీయ వడ్రంగులచేత వాటిని మరల చేయించుచున్నది. బజారులో దొరకు నకళ్ళకు లెక్కలేదు.

భారత ప్రభుత్వము ఈ సామానును అమ్మరాదని, దేశము దాటింపరాదని 2011లో ఉత్తరువిచ్చినది. నగర పాలనవారు లెక్క తీయగా పన్నెండు వేలకు పైగా వస్తువులు తేలినవి. అవి పట్టికలకెక్కినవి. అయినను విదేశపు వేలములు ఆగలేదు. చండీగఢ్‌లోని వారు ప్రతిమారును అభ్యంతరము తెలుపుచునే ఉన్నారు. చిక్కు చట్టములోనిది. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము వ్రాతప్రతులకైనచో డెబ్బదియైదేండ్లు, తక్కినవాటికి నూరేండ్లు నిండిన గాని పురావస్తువన్న పేరు రాదు. ఆ పేరు లేనిదే దాని ఎగుమతికి ఈ చట్టము అడ్డుపడదు. 1955లో చేసిన కుర్చీకి నూరేండ్లు నిండునది 2055లో. ఆ ఏటి కుర్చీలు ఎన్నియో ఇప్పటికిని విశ్వవిద్యాలయ గ్రంథాలయమునను కచేరీలలోను వాడుకలోనే ఉన్నవి.